ఉపాధ్యాయ ప్రమాణాలు: కొలత ఎంత, ఒట్టు ఎంత?

ఉపాధ్యాయుడు ఎలా ఉండాలన్న ప్రశ్నకు సమాధానాలు కోకొల్లలు. ఓపిక ఉండాలి, పక్షపాతం ఉండకూడదు, తాను చెప్పేది తాను చేయాలి. వీటిని కాదనేవారెవరూ లేరు. అయితే ఈ మాటలనే కాగితం మీద పెట్టి, వాటినిబట్టి ఒకరిని ఉద్యోగంలోకి తీసుకోవాలి, జీతం పెంచాలి, ప్రధానోపాధ్యాయుణ్ణి చేయాలి అన్నప్పుడు చిక్కు మొదలవుతుంది. 2020 నాటి జాతీయ విద్యా విధానం సరిగ్గా ఈ పనినే తలపెట్టింది. ఉపాధ్యాయులకు దేశమంతటికీ వర్తించే వృత్తి ప్రమాణాలను 2022 నాటికి రూపొందించాలనీ, వాటిని 2030లోను, ఆపైన పదేళ్లకొకసారి సమీక్షించాలనీ అందులో ఉంది. జీతం పెరగడానికీ, పదోన్నతికీ కేవలం సర్వీసు కాలం ఆధారం కారాదనీ, ఈ ప్రమాణాల మీద జరిగే మూల్యాంకనమే ఆధారం కావాలనీ కూడా ఆ విధానం స్పష్టంగా పేర్కొన్నది. ప్రతి ఉపాధ్యాయుడు ఏటా 50 గంటలు వృత్తి శిక్షణ పొందాలి. ప్రధానోపాధ్యాయులకు కూడా 50 గంటలే, కాకపోతే నాయకత్వం, నిర్వహణ అందులో చేరతాయి.

ఈ బాధ్యత జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలిపై పడింది. 1993 నాటి చట్టంతో ఏర్పడిన ఈ మండలి వెలువరించిన ప్రమాణాల పత్రం స్థూలంగా మూడు భాగాలు: విలువలు, నైతికత ఒకటి, విషయజ్ఞానం, బోధన రెండవది, వృత్తిలో ఎదుగుదల మూడవది. ఒక్కొక్క భాగంలో మెట్లు ఉంటాయి. కొత్తగా చేరినవారి నుంచి ఆశించేది వేరు, అనుభవం గడించి ఇతరులకు దారి చూపవలసిన వారి నుంచి ఆశించేది వేరు. ఆస్ట్రేలియా ప్రమాణ పత్రం అచ్చు కూడా దాదాపు ఇదే.

ఇస్లామీయ విద్యా సంప్రదాయం తెలిసిన పాఠకునికి ఈ పత్రం చదువుతుంటే రెండు భావాలు కలుగుతాయి. ఇవన్నీ మన పెద్దలు ఎప్పుడో చెప్పినవే కదా అన్నది ఒకటి. ఈ మొదటి భావం తృప్తినిస్తుంది గాని అంతకుమించి ఉపకరించదు. రెండవదే ఆలోచింపజేసేది: మన పెద్దలు వీటన్నిటినీ ఒకే గ్రంథంలో, ఒకే స్వరంలో చెప్పలేదు. కొన్నింటిని న్యాయాధికారి ముందు నిలిచే షరతులుగా వ్రాశారు. మరికొన్నింటిని మనిషికీ అతని ప్రభువుకూ నడుమ ఉండే విషయాలుగా వదిలారు. ఈ విభజన వెనుక కారణముంది.

తెలుగులో 'ప్రమాణం' అనే మాట ఇక్కడ చక్కగా అక్కరకు వస్తుంది. ప్రమాణం అంటే కొలత. ప్రమాణం అంటే ఒట్టు. రుజువు, ఆధారం అనే అర్థం కూడా దానికుంది. ఇంగ్లీషు పత్రంలోని మాటకు మొదటి అర్థమే ప్రధానం. తెలుగు అనువాదకుడు 'వృత్తి ప్రమాణాలు' అని వ్రాసేసరికి మిగిలిన రెండు అర్థాలూ తెలియకుండానే వెంట వచ్చి చేరతాయి. ఉపాధ్యాయుని విషయంలో ఏది కొలత, ఏది ఒట్టు, ఏది రుజువు అన్నదే అసలు చర్చ గనుక అవి చేరడం మంచిదే.

ఉపాధ్యాయుని కోసమే వ్రాసిన నియమాల గ్రంథాలలో మనకు లభిస్తున్న తొలి వాటిలో ఒకటి నేటి ట్యునీషియాలోని ఖైరవాన్ నగరంలో పుట్టింది. దాని పేరు 'ఆదాబుల్ ముఅల్లిమీన్'. వ్రాసినవారు ముహమ్మద్ ఇబ్నె సహ్‌నూన్ (మరణం హి.శ. 256, క్రీ.శ. 870). ఆయన తండ్రి సహ్‌నూన్ (మరణం హి.శ. 240, క్రీ.శ. 854) మాలికీ ధర్మశాస్త్రంలో ఉద్దండులు, ఖైరవాన్ ఖాజీ. ఈ పుట్టుకలోనే గ్రంథ స్వభావం ఉంది. ఇది చాలామేరకు కుమారుడు అడగగా తండ్రి చెప్పిన జవాబుల రూపంలో సాగుతుంది. ఆ ప్రశ్నలు తాత్త్వికమైనవి కావు, న్యాయస్థానానికి రాగలిగిన తగాదాలు. తండ్రి ఒక ముఅల్లిమ్‌ను కూలికి కుదుర్చుకున్నాడు. పిల్లవాడికి చదువు రాలేదు. కూలి ఇవ్వాలా? ఉపాధ్యాయుడు దెబ్బ కొట్టాడు, గాయమైంది. బాధ్యత ఎవరిది?

జవాబులలో కొన్నింటిని గమనించండి. పేద పిల్లవానినీ, ధనికుని కొడుకునూ ఉపాధ్యాయుడు సమానంగా చూడాలి. శిక్ష మూడు దెబ్బలకు మించరాదు. అంతకు మించాలంటే తండ్రి అనుమతి కావాలి. ముఖం మీద, తల మీద కొట్టరాదు. హద్దు దాటి కొట్టినందువల్ల హాని జరిగితే అతడే బాధ్యుడు. పిల్లలను సొంత పనులకు వాడుకోరాదు. ఇంటినుంచి కానుకలు తెమ్మని పిల్లలను పురమాయించరాదు. పాఠశాలకు దుకాణం అద్దెకు తీసుకుంటే ఆ అద్దె ఉపాధ్యాయుడే భరించాలి. అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించేది మరొకటి ఉంది. జనాజా నమాజులో పాల్గొనడం ఎంతో పుణ్యకార్యం. అయినా, తప్పనిసరి అయితే తప్ప, పాఠం వేళలో పిల్లలను విడిచి ఉపాధ్యాయుడు అంత్యక్రియలకు వెళ్లరాదు. కారణం, అతడు కూలి తీసుకున్నవాడు. ఆ సమయం అతనిది కాదు, పిల్లలది.

ఈ నియమాలన్నింటిలో ఒక సామాన్య లక్షణం ఉంది. పాటించారా లేదా అన్నది బయటి మనిషి చూసి చెప్పగలడు. అద్దె ఎవరు కట్టారు? పాఠం వేళ గురువు ఎక్కడున్నాడు? దెబ్బలు ఎన్ని? సాక్షులను పిలిచి తేల్చవచ్చు. 'ఓపికగా ఉండాలి' అన్నదాన్ని ఖాజీ తేల్చలేడు. 'మూడుకు మించరాదు' అన్నదాన్ని తేల్చగలడు. సహ్‌నూన్ వంటి న్యాయకోవిదునికి ఈ తేడా బాగా తెలుసు. తరువాతి శతాబ్దాలలో బజారు పర్యవేక్షకుడైన ముహ్‌తసిబ్ కోసం వ్రాసిన కరదీపికలలోకి కూడా బడిపంతుళ్లు ఎక్కారు. 12వ శతాబ్దిలో షైజరీ, ఆ తరువాత ఇబ్నుల్ ఉఖువ్వా తమ గ్రంథాలలో తూకాలు, రొట్టెల అంగళ్లు, వైద్యుల సరసనే పిల్లల ఉపాధ్యాయులకూ ఒక అధ్యాయం కేటాయించారు. బెత్తం ఎముక విరిచేంత మందంగానూ, ఒళ్లు చీరేంత సన్నంగానూ ఉండరాదని కూడా అందులో ఉంది. ఈ పోలిక నేటివారికి చిన్నతనంగా తోచవచ్చు. కాని తక్కెడను తనిఖీ చేసినట్లే బెత్తాన్నీ తనిఖీ చేయాలన్న ఊహలో పసిపిల్లల పట్ల ఉన్న శ్రద్ధను తక్కువగా అంచనా వేయకూడదు.

ఇక జీతం సంగతి. ఖైరవాన్‌కే చెందిన అంధ విద్వాంసుడు అబుల్ హసన్ అల్ ఖాబిసీ (మరణం హి.శ. 403, క్రీ.శ. 1012) దీన్ని విపులంగా చర్చించారు. ఖుర్ఆన్ నేర్పినందుకు ప్రతిఫలం తీసుకోవచ్చునా అన్నది అప్పటికే పాత వివాదం. ఖాబిసీ వాదనలో ఆదర్శం కంటే అనుభవం పాలు ఎక్కువ. జీతం లేకుండా పూర్తికాలం పిల్లలకు అంకితమయ్యేవారు దొరకరు. దొరకకపోతే చదువే అంతరిస్తుంది. కాబట్టి జీతం ఇవ్వాలి, తీసుకోవాలి. తండ్రికి శక్తి లేకపోతే బంధువులు, వారికీ లేకపోతే సమాజం, బైతుల్‌మాల్ ఆ భారాన్ని మోయాలి. పిల్లవాడు మాత్రం చదువు లేకుండా మిగలకూడదు. ఉపాధ్యాయునిపై షరతులు పెట్టిన వారే అతని జీతానికి కర్త ఎవరో కూడా తేల్చి చెప్పారన్నది ఇక్కడ ప్రధానం.

రెండవ ధోరణికి ప్రతినిధి ఇమామ్ గజాలీ (మరణం హి.శ. 505, క్రీ.శ. 1111). 'ఇహ్యా ఉలూమిద్దీన్' తొలి భాగంలో ఆయన ఉపాధ్యాయునికి ఎనిమిది విధులు పేర్కొన్నారు. శిష్యులను కన్నబిడ్డలుగా చూడాలి, బోధనకు ప్రతిఫలం ఆశించరాదు, తప్పును ముఖం మీద అనక సూచనగా దిద్దాలి, తాను చెప్పని శాస్త్రాలను శిష్యుని ఎదుట చిన్నబుచ్చరాదు, అతని గ్రహణశక్తికి తగినంతే చెప్పాలి, చెప్పినది ఆచరించాలి. ఇవీ ప్రమాణాలే, అయితే ఒట్టు అనే అర్థంలో. గణిత ఉపాధ్యాయుడు భాషా పండితుణ్ణి తక్కువ చేసి మాట్లాడాడా లేదా అన్నదానికి ఏ తనిఖీ అధికారి మార్కులు వేయగలడు? వేసిన మరుక్షణం ఆ గుణం నటనగా మారుతుంది. గజాలీకి ఆ భయం పుస్తకాల నుంచి వచ్చింది కాదు. 1091లో బగ్దాదులోని నిజామియాలో ముదర్రిస్‌గా నియమితులై, నాలుగేళ్ల తరువాత 1095లో, కీర్తి కోసమే పాఠం చెబుతున్నానేమో అన్న ఆత్మశోధనతో ఆ పీఠాన్ని వదలి వెళ్లిన మనిషి ఆయన.

జీతం తీసుకోవాలన్న ఖాబిసీకీ, ప్రతిఫలం ఆశించరాదన్న గజాలీకీ మధ్య వైరుధ్యం ఉన్నదని పలువురు భావిస్తారు. నిజానికి ఇద్దరూ మాట్లాడుతున్నది వేర్వేరు స్థాయిలలో. మొదటివారు బడి నడిచే ఏర్పాటు గురించి, రెండవవారు బడిలో నిలబడిన మనసు గురించి చెప్పారు. గజాలీ మాటను తీసుకెళ్లి యాజమాన్య కమిటీ తీర్మానంగా మార్చి, 'సేవ' పేరిట మౌల్వీలకు అరకొర జీతం ఇచ్చేవారు రెండు స్థాయిలనూ కలిపేస్తున్నారు. ఈ కలిపేయడం మన సంస్థలలో అరుదేమీ కాదు.

నిజామియా ప్రస్తావన వచ్చింది గనుక సంస్థ అధిపతి సంగతి కూడా చెప్పుకోవాలి. సల్జూక్ మంత్రి నిజాముల్ ముల్క్ నిర్మించిన ఆ మదర్సా 1067లో (హి.శ. 459) ప్రారంభమైంది. ప్రధాన ముదర్రిస్‌గా షాఫియీ పండితుడు అబూ ఇస్హాఖ్ అష్షీరాజీని ఎంపిక చేశారు. జనం గుమికూడి ఎదురు చూశారు, ఆయన రాలేదు. ఆ కట్టడం కోసం అన్యాయంగా స్వాధీనం చేసుకున్నవి వాడారన్న మాట చెవిన పడి ఆయన వెనకాడారని చరిత్రకారులు వ్రాశారు. ఇబ్నుస్సబ్బాగ్‌ను ఆ స్థానంలో కూర్చోబెట్టారు. సుమారు ఇరవై రోజుల తరువాత షీరాజీని ఎలాగో ఒప్పించి తీసుకువచ్చారు. సంస్థకు వచ్చే ధనం ఏ దారిన వచ్చిందని అడగడం అధిపతి ప్రమాణాలలో మొదటిదని భావించిన కాలం అది. నేటి నాయకత్వ పత్రాలలో దార్శనికత, బృంద నిర్మాణం, సమాచార నిర్వహణ వంటి మాటలు ఎన్నో కనిపిస్తాయి. ఈ ఒక్క ప్రశ్న మాత్రం కనిపించదు.

పాఠం చెప్పే ముదర్రిస్, ఆస్తి చూసే నాజిర్ అనే రెండు పదవులను వక్ఫ్ పత్రాలు సాధారణంగా వేరువేరుగా పేర్కొనేవి. ఎవరికి ఎంత జీతం, ఎందరు విద్యార్థులు, ఏ రోజులు సెలవు అన్నవి ఆ పత్రంలోనే వ్రాసి ఉండేవి. ఈ వేర్పాటు విలువ నేటి ప్రధానోపాధ్యాయుణ్ణి చూస్తే తెలుస్తుంది. మధ్యాహ్న భోజనం లెక్కలు, యాప్‌లలో హాజరు, భవన మరమ్మతులు, ఎన్నికల విధులు అన్నీ ముగించుకొని, మిగిలిన సమయంలో 'బోధనా నాయకుడు' కావాలి. పాఠశాల నాయకత్వం కోసం ఢిల్లీలోని జాతీయ విద్యా ప్రణాళికా సంస్థలో ఒక ప్రత్యేక కేంద్రం కొన్నేళ్లుగా పనిచేస్తున్నది. దాని పాఠ్యాంశాలు మంచివే. అయితే ముదర్రిస్, నాజిర్ పనులు రెండూ ఒకే మనిషి నెత్తిన ఉన్నంత కాలం శిక్షణ చేయగలిగింది కొంతే.

ఈ రెండు ధోరణులనూ కలిపి ఒకచోట కూర్చిన గ్రంథం కూడా ఒకటుంది. ఈజిప్టు ప్రధాన ఖాజీగా పనిచేసిన బద్రుద్దీన్ ఇబ్నె జమాఅ (మరణం హి.శ. 733, క్రీ.శ. 1333) వ్రాసిన 'తజ్కిరతుస్సామిఅ్' అది. ఆకలితో, నిద్రతో, కోపంతో ఉన్నప్పుడు పాఠం చెప్పరాదన్నది అందులో ఒక సూచన. రాని విద్యార్థిని గురించి వాకబు చేయాలి. తెలియనిదాన్ని తెలియదని చెప్పాలి. అర్హత లేని పీఠాన్ని ఎక్కరాదు. గురువు స్వీయ ప్రవర్తన, పాఠం, శిష్యులు అని ఆయన చేసిన వర్గీకరణకూ, పైన చెప్పిన నేటి పత్రంలోని మూడు భాగాలకూ పోలిక లేకపోలేదు. 'అదబ్' అనే మాటను 'మర్యాద' అని అనువదించి ఊరుకుంటే ఇదంతా పెళ్లిపందిట్లో ప్రవర్తన వలె ధ్వనిస్తుంది. వృత్తి ధర్మం, శిక్షణ, సంస్కారం మూడూ ఆ ఒక్క మాటలో ఉన్నాయి.

ఇక రుజువు అనే మూడవ అర్థం. ఉపాధ్యాయుడు సమర్థుడనడానికి ఆధారం ఏమిటి? పాత కాలంలో అది ఇజాజా. ఫలానా గురువు, ఫలానా శిష్యుడు, ఫలానా గ్రంథం. ఆ గ్రంథాన్ని తన వద్ద చదివాడు గనుక బోధించవచ్చునని గురువు తన పేరు పెట్టి ఇచ్చిన అనుమతి. సంస్థ పేరు కంటే మనిషి పేరే ముఖ్యం. ఇజ్జత్ పణంగా పెట్టి ఇచ్చిన మాట అది. దాని బలహీనత కూడా అక్కడే ఉంది: పెద్దల పిల్లలకు పసితనంలోనే, పాఠం వినకుండానే ఇజాజాలు ఇచ్చిన సందర్భాలు చరిత్రలో ఉన్నాయి. నేటి రుజువు ఉపాధ్యాయ అర్హత పరీక్ష, అంటే టెట్. 2010 ఆగస్టు 23 నాటి ప్రకటనతో అది వచ్చింది. 150 ప్రశ్నలు, ఉత్తీర్ణతకు 60 శాతం మార్కులు. దాని బలం నిష్పాక్షికత. మంత్రి కొడుకైనా అదే ప్రశ్నపత్రం. కాని ఆ 150 ప్రశ్నలకు జవాబు ఇచ్చిన మనిషి తరగతిలో ఎలా నిలబడతాడో చూసినవారు ఎవరూ ఉండరు. ఇజాజాలో చూసిన కన్ను ఉంది, సమాన న్యాయం లేదు. టెట్‌లో సమాన న్యాయం ఉంది, చూసిన కన్ను లేదు.

ఇప్పుడు మళ్లీ నేటి చట్టాల వద్దకు వస్తే, సహ్‌నూన్ తరహా కొలతలు మన దేశంలో ఇదివరకే ఉన్నాయని తెలుస్తుంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధిస్తుంది. 24వ సెక్షన్ సకాలంలో బడికి రావడం, పాఠ్యప్రణాళిక పూర్తిచేయడం వంటి విధులను చెబుతుంది. 28వ సెక్షన్ ప్రైవేటు ట్యూషన్లు కూడదంటుంది. 27వ సెక్షన్ ప్రకారం జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప బోధనేతర పనులకు ఉపాధ్యాయుణ్ణి వినియోగించరాదు. అంత్యక్రియల నియమానికి ఇది దూరపు చుట్టం. అయితే ఒక తేడా: ఖైరవాన్ నియమం ఉపాధ్యాయుణ్ణి కట్టడి చేసింది, ఈ సెక్షన్ ప్రభుత్వాన్ని కట్టడి చేస్తుంది. వారానికి 45 పనిగంటలు, సన్నద్ధతతో కలిపి, అదే చట్టం షెడ్యూలులో ఉన్నది. విద్యా విధానం కోరిన 50 గంటల వార్షిక శిక్షణ అంటే ఆ లెక్కన ఒక పనివారం కంటే కొంచెం ఎక్కువ. అది కోరదగని భారమేమీ కాదు. కాని ఆ గంటలు దేనితో నిండుతాయన్నది అసలు సంగతి. 2019 ఆగస్టులో ప్రారంభమైన 'నిష్ఠా' కార్యక్రమం ప్రాథమిక స్థాయిలోని సుమారు 42 లక్షల ఉపాధ్యాయులు, ప్రధానోపాధ్యాయులకు శిక్షణ ఇవ్వాలని సంకల్పించింది. ఇంత పెద్ద సంఖ్యకు ఒకే పాఠాన్ని తెర మీద పంపడం సులభం. ఒక్కొక్కరి తరగతిలో కూర్చుని చూడడం కష్టం. సులభమైనదే ఎక్కువ జరుగుతుంది.

నేటి ప్రమాణ పత్రంలో ప్రమాదం ఎక్కడ ఉందంటే, విలువలు, నైతికత అనే భాగాన్ని కూడా జీతంతో ముడిపెట్టే అవకాశం కల్పించడంలో. కొట్టలేదు, వేళకు వచ్చాడు, పాఠం పూర్తిచేశాడు అన్నవి కొలవండి. జీతంతో ముడిపెట్టినా అభ్యంతరం లేదు. కరుణ, నిజాయితీ, నేర్చుకోవాలన్న తపన అన్నవాటికి అంకెలు వేస్తే ఫైళ్లలో ఫొటోలు పెరుగుతాయి. వాటిని తోటి ఉపాధ్యాయుల సంభాషణకు, అనుభవజ్ఞుల సాన్నిహిత్యానికి వదలాలి. పాత సంప్రదాయంలో దానికి 'సుహ్బత్' అని పేరు. నేటి పరిభాషలో మార్గదర్శకత్వం అంటున్నారు.

ఈ చర్చ ముస్లిం విద్యాసంస్థలకు దూరపు సంగతి కాదు. 2012లో విద్యాహక్కు చట్టానికి చేసిన సవరణ మదర్సాలు, వేద పాఠశాలలు, ప్రధానంగా ధార్మిక బోధన చేసే సంస్థలను దాని పరిధి నుంచి తప్పించింది. 2014లో ప్రమతి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం మైనారిటీ పాఠశాలలన్నిటికీ ఆ చట్టం వర్తించదని తీర్పు చెప్పింది. అంతకుముందే, 2002లో టి.ఎం.ఎ. పాయ్ కేసులో, ఉపాధ్యాయుల అర్హతలను నిర్ణయించే అధికారం ప్రభుత్వానికి ఉంటుందనీ, అర్హులలో ఎవరిని తీసుకోవాలన్నది యాజమాన్యం ఇష్టమనీ కోర్టు పేర్కొని ఉన్నది. 2024 నవంబరు 5న ఉత్తరప్రదేశ్ మదర్సా చట్టం కేసులో, ఆ చట్టాన్ని సమర్థిస్తూనే (కామిల్, ఫాజిల్ డిగ్రీల భాగం మినహా), మదర్సాలలో విద్యా ప్రమాణాలను ప్రభుత్వం క్రమబద్ధం చేయవచ్చునని స్పష్టం చేసింది. ఇక 2025 సెప్టెంబరు 1 నాటి తీర్పులో, పదవీ విరమణకు ఐదేళ్లకు మించి సర్వీసు ఉన్న ఉపాధ్యాయులు రెండేళ్లలో టెట్ ఉత్తీర్ణులు కావాలన్నది. ఐదేళ్లలోపు ఉన్నవారు కొనసాగవచ్చు, పదోన్నతి కావాలంటే మాత్రం పరీక్ష తప్పదు. మైనారిటీ పాఠశాలల ప్రశ్నను, ప్రమతి తీర్పుతో సహా, విస్తృత ధర్మాసనం పరిశీలనకు నివేదించింది.

ఇరవై ఏళ్లుగా ఉర్దూ మాధ్యమంలో బోధిస్తున్న ఉపాధ్యాయురాలి దృష్టితో ఈ వరుసను చూడాలి. ఆమె సామర్థ్యానికి యాజమాన్యం వద్ద వ్రాతపూర్వకమైన ఆధారం సాధారణంగా ఏదీ ఉండదు. తరగతిలో ఆమె పాఠాన్ని చూసి వ్రాసిన నివేదిక ఉండదు, ఇచ్చిన శిక్షణ లెక్క ఉండదు, కొన్నిచోట్ల నియామక పత్రం కూడా సరిగా ఉండదు. 30వ అధికరణం ఇచ్చిన స్వేచ్ఛ కింద యాజమాన్యం తన ప్రమాణాలను తాను వ్రాసుకోవచ్చు. వ్రాసుకున్న సంస్థలు కొద్ది. మినహాయింపు ఉన్నన్నాళ్లూ ఈ లోటు కనబడలేదు. విస్తృత ధర్మాసనం ముందు మినహాయింపును సమర్థించేవారు 'మా వద్ద మా ప్రమాణం ఉంది' అని చూపగలిగితే ఒక రకంగా ఉంటుంది, 'మాకు ఏ ప్రమాణమూ వర్తించదు' అని మాత్రమే అనగలిగితే మరో రకంగా ఉంటుంది.

అటువంటి పత్రాన్ని తయారుచేయడం పెద్ద పని కాదు. హైదరాబాదులోనే మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలో ఉర్దూ మాధ్యమ ఉపాధ్యాయుల వృత్తి వికాసానికి ఒక కేంద్రం ఉంది. 1876లో స్థాపితమైన జామియా నిజామియా వంటి సంస్థలలో ఇజాజా సంప్రదాయం ఎరిగిన పెద్దలు ఉన్నారు. ఒకరికి కొలత తెలుసు, మరొకరికి ఒట్టు తెలుసు. పాఠం వేళ, శిక్షపై నిషేధం, సమాన దృష్టి, జీతం తేదీ, ఏడాదికి రెండుసార్లు ఒక సీనియర్ ఉపాధ్యాయుడు తరగతిలో కూర్చుని చూసి పేరు పెట్టి వ్రాసే నివేదిక: ఈ ఐదు అంశాలు మొదటి పుటలో పడతాయి. జీతం తేదీ ఆ పుటలో ఉండి తీరాలి. ఖాబిసీ దాన్ని రెండవ పుటకు పోనిచ్చేవారు కారు.